ఇరవైనాలుగో గొడుగు

మూడు దారులు కలిసే చోటు మాది.
ఒకటి మద్రాసుకి, ఒకటి బెజవాడకి,
ఒకటి ఎర్రమట్టిలో పడి రేణిగుంటకి.
"గూడూరు పోతే మద్రాసు పోయినట్టే" అన్నాడంట దొర.
మా నాయన చెంగయ్య, పాయింట్స్‌మన్,
ఆ మాట లివర్ మీద చెయ్యేసి విన్నాడు.

యుద్ధం నాటి ఎండాకాలం.
లాంతర్లకు నల్లగుడ్డ. రైళ్లకు కూత లేదు.
పొద్దు గూకక ముందే పొయ్యి ఆర్పాలి.
అమ్మని మాత్రం ఆర్పలేం.
పగలంతా షెడ్డులో అభ్రకం చీల్చిన చేతులు
వెన్నెట్లో తళతళమనేవి.
"మన రాళ్లేనంట, విమానాల్లో పెట్టేది" అనేది.
"మేయ్, ఆ చేతులు కొంగులో పెట్టుకో,
పైనోడికి కనబడతాయి" అనేవాడు నాయన
సగం నవ్వులాటకి.

పైనించి మనుషులు దిగుతారని చెప్పారు.
దిగితే లివర్ పిడి ఊడబీకి పాతెయ్యమన్నారు.
తుపాకి ఇవ్వలేదు. ఈల ఇచ్చారు.

దిగారు.
పున్నమికి ముందు రాత్రి, గూడ్సు షెడ్డు అవతల,
నేలపట్టు చెరువులోకి గూడబాతులు వాలినట్టు
తెల్లగా, నిదానంగా, చప్పుడు లేకుండా.
కోటర్స్ కిటికీలోంచి లెక్కబెట్టా నేను.
పదకొండు దాకే వచ్చు నాకప్పటికి.
నాయన ఈల ఊదాడు. గాలే వచ్చింది.
పిడి పీకాడు. పాతలేదు.
దాన్ని పట్టుకునే పరిగెత్తాడు
మొదట నేలకానిన వాడి మీదికి.

ఒకటి.
రెండు.
మూడో దెబ్బకి పొట్ట పగిలి
గడ్డి.

మొలకొలుకుల గడ్డి. కళ్లం వాసన ఇంకా పోలేదు.
గోనెపట్టా ఒళ్లు, బొగ్గుతో గీసిన కళ్లు.
చుట్టూ పట్టాల మీద అట్లాంటివే,
ఒకడు సిగ్నల్ స్తంభానికి వేలాడుతూ.

తెల్లారి లారీలో దొరొచ్చాడు.
పరీక్షంట. మనవాళ్లే వేశారంట.
నాయన పాసయ్యాడంట; చెయ్యి కలిపి, రెండు రూపాయలిచ్చాడు.
తర్వాత లెక్క చూసుకున్నారు:
బొమ్మలు ఇరవైనాలుగు, గొడుగులు ఇరవైమూడు.
మూడు రోజులు ఇల్లిల్లూ వెతికారు,
మా ఉప్పుకుండతో సహా.
షెడ్డు వెనక అభ్రకం తుక్కు కుప్ప దగ్గర మాత్రం
ఎండకి కళ్లు చెదిరి మొహం తిప్పుకున్నారు.

"గడ్డిని చంపిన చెంగయ్య" అని
స్టేషనంతా నవ్వింది. నాయనా నవ్వాడు.
గడ్డని తెలిసింది మూడో దెబ్బకి గదా.
ముందు రెండూ ఎవడికి తగిలాయో
ఆయన చెప్పలేదు, మేం అడగలేదు.
బర్రెకి గడ్డి వేసే పని మాత్రం
ఆ రోజు నుంచి అమ్మదే అయింది.

వానాకాలం దాటాక
మోదుగపూల రంగద్దిన పావడా ఒకటి కుట్టింది నాకు.
ఎంత మెత్తన! ఒంటి మీద ఉన్నట్టే ఉండదు.
గిర్రున తిరిగి చతికిలబడితే
గుండ్రంగా విచ్చుకుని, గాలి నింపుకుని,
నిదానంగా నేలకి దిగేది.

నేనలా తిరిగినప్పుడల్లా
నాయన తువ్వాలు దులుపుకుని
డ్యూటీ లేకపోయినా బయటికి పోయేవాడు.