చిన్న దవడ

కాశీబుగ్గలో కొట్టు సన్యాసిరావు
అద్దాల బల్ల మీద మూడు మీటర్లు పెట్టాడు.
ఎర్రది, పసుపుది, పేరు చెరిగిపోయిన నల్లది.
"వెయ్యి ఆంపియర్ల వరకూ చూపిస్తాది బావూ ఎర్రది,
సబ్‌స్టేషనోళ్లు ఇదే పట్టికెళ్తారు."
చేతిలోకి తీసుకున్నాను.
ఒలవని కొబ్బరికాయంత బరువు.

నా రోజులో వెయ్యి ఎక్కడుంది?
పొద్దున్న మందసలో అర హెచ్‌పీ మోటారు,
నాలుగు ఆంపియర్లు తాగి మొరాయిస్తుంది.
ఆ మీదట హోటల్లో పిండి గ్రైండరు,
సందేళకి ఎవరింట్లోనో ఫ్రిజ్జు.
నిచ్చెన మీద ఒక చెయ్యి నిచ్చెనదే.
రెండోది స్క్రూడ్రైవరుది.
మూడో చెయ్యి దేవుడివ్వలేదు,
మీటరుకి చొక్కా జేబే దిక్కు.

మా గురువు దుంపల తవిటయ్య
పోతూ పోతూ నాకిచ్చిన మీటరుకి ముల్లుండేది.
దవడ మొద్దు. బిగిసిన వైర్ల మధ్య దూరేది కాదు.
నేర్చుకునే రోజుల్లో దాంతో
వెళ్లే వైరూ వచ్చే వైరూ కలిపి పట్టీసాను.
బల్బు వెలుగుతోంది, ముల్లు కదల్లేదు.
తవిటయ్య బీడీ పక్కన పెట్టి నవ్వాడు:
"ఎల్లింది ఎల్లినట్టే తిరిగొచ్చీసిందిరా,
ఇంక లెక్కేటుంటాది?"

పోయిన శ్రావణంలో
జీడి ఫ్యాక్టరీలో దానేటి పున్నమ్మ
"మిషను ముట్టుకుంటే జివ్వుమంటంది బావూ" అంది.
నేలంతా తడి.
పిక్కల నూనె తిన్న వేళ్లు ఆవిడవి, తోలు ఊడి ఎర్రగా.
రెండు వైర్లూ కలిపి పట్టాను. ముల్లు సున్నా మీదే.
"చూసావా, పని ఎగ్గొట్టడానికి" అన్నాడు ఓనరు.
నేను తలూపాను.

మూడో రోజు ఆవిడ చెయ్యి మిషనుకి అతుక్కుంది.
ఎవరో చీపురుకర్రతో కొట్టి విడిపించారు.
బతికింది.
రెండు వేళ్లు ఇప్పటికీ మడవవు.
ఆ తలూపు నా మెడలోంచి ఇంకా దిగలేదు.

సన్యాసిరావుకి ఇదేమీ చెప్పలేదు.
"ఒక జీరో బల్బు పెట్టు" అన్నాను.
"వెయ్యి ఆంపియర్లది చూపిస్తే జీరో బల్బేటి?" అని గొణుక్కుంటూ పెట్టాడు.
ఒక్క వైరే విడదీసి పట్టాను.
ఎర్రది: సున్నా.
నల్లది కాసేపు అంకెలు మార్చి మార్చి అలిసిపోయింది.
పసుపుది, అరచేతిలో ఇమిడేది,
పక్షి ముక్కులా సన్నటి దవడది:
సున్నా పాయింటు సున్నా ఆరు.
నమ్మకం కుదరక
అదే వైరుని దవడకి పది చుట్లు చుట్టాను.
సున్నా పాయింటు ఆరు.
పేరుకే జీరో బల్బు.

"డీసీ చూపదు బావూ ఇది, ముందే సెప్తన్నాను."
సోలారు పనులు నా దాకా ఇంకా రాలేదు.
వచ్చిన నాడు చూసుకుందాం.
జేబులో పెట్టి రెండుసార్లు వంగి లేచాను, జారలేదు.
బీప్ శబ్దం, పక్కన పిండిమర తిరుగుతుంటే కూడా వినపడింది.
రెండువేల ఆరొందలకి తెగింది,
ఆరొందలు ఖాతాలో రాసాడు.
బ్యాటరీలు మాత్రం ఊరికే ఇవ్వలేదు, పిసినారి.

మర్నాడు ఎవరూ పిలవకుండానే ఫ్యాక్టరీకి వెళ్లాను.
ఆ మిషను మార్చారు. పక్కది పాతదే.
రెండు వైర్లూ కలిపి నాలుగు చుట్లు.
సున్నా పాయింటు సున్నా ఎనిమిది.
నాలుగుతో భాగించాను.
ఇరవై మిల్లీలు
ఎల్లినట్టు తిరిగి రాలేదు.
మెయిను ఆపీసాను. ఓనరు కేకలేస్తూనే ఉన్నాడు.
అంకె అతని మొహం ముందు పెట్టి
ఈసారి తల అడ్డంగా ఊపాను.

పున్నమ్మ ఇప్పుడు గ్రేడింగు బల్ల దగ్గర కూర్చుంటుంది.
"ఏటంటందది?" అనడిగింది.
చెప్పాను.
గుండు పప్పు ఒక పక్కకి, బద్దలు ఒక పక్కకి
మడవని వేళ్లతో తోస్తూ
"ఈ ముక్క నా సెయ్యి అప్పుడే సెప్పింది కదేటి" అంది,
తలెత్తకుండా.