పేరులేని ముడి

జనవరి రెండో గురువారం, బడి విడిచినంక,
ఫహాహీల్‌ల ముప్పైనాలుగు మంది స్కౌట్లను ఎక్కిచ్చుకొని
ఎడారిల క్యాంపుకు తోలుకపోయిన.
నాకు చెప్పింది దింపి రమ్మనే.
గాలి లేసింది. రాత్రికి మంచు కమ్ముతదన్నరు.
"ఉండిపో నర్సాగౌడ్" అన్నడు బెన్నీ సారు.

డ్రైవర్ ఉండుడంటే బస్సుల ఉండుడే.
ఆఖరి సీట్ల కాళ్ళు ముడుచుకొని
అద్దం మీది చెమ్మల వేలుతోని గీతలు గీసుకుంట.

పద్నాలుగేండ్లాయె ఈ దేశం వచ్చి.
ఇంటికి ఫోన్ చేస్తే ఎండ ముచ్చటే చెప్తం,
చలి ముచ్చట ఎవ్వరం చెప్పం. చెప్తే నమ్మరు.
ఇసుక ఏదీ దాచుకోదు,
పొద్దు గుంకంగనే చేతులు దులుపుకుంటది.

కిటికీలకెల్లి చూస్తున్న.
మెడల పచ్చ రుమాళ్ళు, చేతుల టార్చిలైట్లు.
డేగలొక జట్టు, నక్కలొక జట్టు.
ఉడుముల జట్టు గుడారమే నిలవడ్త లేదు.
గూటం కొడితే ఇసుక ఒప్పుకోదు,
తాడు కడితే గాలి ఇప్పుతది.
వాళ్ళ లీడరు జుబిన్, మీసం ఇంక మొలవనోడు,
పుస్తకం తెరిచి గట్టిగ చదువుతున్నడు:
కుందేలు పొక్కలకెల్లి ఎల్లాలె,
చెట్టు చుట్టు తిరగాలె,
మళ్ళ పొక్కల దూరాలె.
"ఈడ చెట్టేది?" అన్నడు ఒక బుడ్డోడు.
అందరు నవ్విండ్రు. గుడారం మళ్ళ కూలింది.

దిగిన.
నన్నెవ్వరు పిలువలె.
చేతులే ఊకోలె.

మా నాయిన తాళ్ళెక్కెటోడు.
మోకు, ముత్తాదు, కాళ్ళకు గుజి.
పదో ఏట నాకు మోకు ముడి నేర్పుకుంట అన్నడు:
"చెట్టు నిన్ను పట్టుకోదు బిడ్డా.
నువ్వేసిన ముడే పట్టుకుంటది."

ఖాళీ బియ్యం సంచిల ఇసుక నింపి
మోకాలు లోతు తవ్వి పాతిపెట్టిన.
దానికి తాడు చుట్టి ఆ ముడే ఏసిన.
గాలి గుంజి చూసింది.
ఇంకోపారి గుంజింది.
ఊకున్నది.

జుబిన్ పుస్తకం ముందుకు తిప్పిండు, వెనుకకు తిప్పిండు.
"అంకుల్, ఈ ముడి పేరేంది?" అని హిందీల అడిగిండు.
ముడికి పేరేంది?
మేం పేర్లు పెట్టేది చెట్లకు,
పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు.
మా దిక్కు చెట్టునూ తాడే అంటరు
కట్టేదాన్నీ తాడే అంటరు.
హిందీల ఇదంత యాడ చెప్పాలె?
"పేరు లేదు" అన్న.
పెన్సిలుతోని అదే రాసుకున్నడు పాపం.

నెగడు కాడ నాకూ జాగిచ్చిండ్రు.
ఒక దిక్కు మాడి ఒక దిక్కు పచ్చిగున్న ఆలుగడ్డ,
ఖుబూస్ ముక్క, పొగ వాసనేసే కరక్ చాయ.
పాట పాడితే రాగం ఎటో, చప్పట్లు ఎటో.
చలికి పండ్లు కొట్టుకుంటుంటే
ఆ చప్పుడే తాళమనుకున్న.

తెల్లారి మంచుల బస్సు కూడ కనవడలె.
ఎక్కడ్నో గొర్ల గంటలు.
మిగిలిన రొట్టెలు కాపరికి ఇచ్చొచ్చిండ్రు పిల్లలు.
ఆ బంగ్లా ముసలాయన చెంబెడు పాలు ఇచ్చి తోలిండు.
రోజుకొక మంచిపని రాసుకునే బుక్కు ఉన్నదట వాళ్ళకు,
ఆ పాలు ఎవరి లెక్కల రాసుకున్నరో.

ఎక్కేటప్పుడు జుబిన్ ఎడమ చెయ్యి చాపిండు.
నేను కుడిచెయ్యి ఇచ్చిన.
తల అడ్డంగ ఊపి ఎడమదే చాపిండు మళ్ళ.
ఎడమ చెయ్యి ఇస్తే మా అమ్మ ఈపు పగలగొట్టేది!
"స్కౌట్లు స్కౌట్లకు ఇట్లనే ఇస్తరు" అన్నడు బెన్నీ సారు.
స్టీరింగ్ మరిగిన ఈ చెయ్యికి ఇదేమి కొత్త సంబంధమో గని
ముప్పైనాలుగు మంది వరుసగ పట్టుకున్నరు.
బూడిద చేతులు, జిగట చేతులు,
ఒకడిదైతే మంచుగడ్డే.

తలలు లెక్కపెట్టిన. ముప్పైనాలుగు.
ఎందుకో మళ్ళ లెక్కపెట్టిన.

ఆదివారం పొద్దుగాల బస్సు ఊడుస్తుంటే
సీట్ల కింద ఇసుక, సగం బిస్కెటు,
వెనుక సీటు కమ్మికి కట్టిన ఒక బూటు లేసు.
నా ముడే.
ఒక మెలిక తప్పేసిండు.
ఇప్పి సక్కగ చేద్దామని వంగిన.
గుంజి చూసిన.

ఊడలె.