నిలువు ఏడు

పదిహేను గళ్ళు అటు, పదిహేను ఇటు.
నల్లగళ్ళు ముందే వేసేశాను,
ఎదుటి మేడల మీది నీళ్ళ ట్యాంకుల్లా.
ఇక మిగిలింది అబద్ధమాడటమే,
ఒక్క ముక్కా అబద్ధం చెప్పకుండా.

చూళైలో మే నెల. కరెంటు లేదు.
అడ్డం ఒకటి:
"వేడి కాదంటుంది, నమ్మకు (3)."
న. గరం. నగరం.
రాసి, కొంగుతో మెడ తుడుచుకున్నాను.
ఈ ఊరు ఆ ఆధారాన్ని
పొద్దున్నే తప్పని రుజువు చేస్తుంది.

ఎక్కడ దొరుకుతాయంటే ఏం చెప్పను?
ఎగ్మూరు వంతెన మీద బస్సు మొరాయిస్తే ఒకటి:
"గుడ్డుతో మొదలై రైళ్ళని పొదిగేది."
బెండకాయల ముక్కులు విరుస్తుంటే ఒకటి:
"స్వప్నం అనుగ్రహిస్తే ఆందోళన (4)."
పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ఉండగా
ఒకటొచ్చింది. రాసుకునే వీల్లేదు.
అన్నిటికన్నా మంచిది అదే,
ఇప్పటికీ అలాగే చెప్పుకుంటాను.

కింద వాటాలో ఏకాంబరం కుట్టుమిషను.
వాళ్ళింట్లో ముత్తాతల నాటినుంచీ తెలుగే,
బళ్ళో నేర్చిన అక్షరాలు మాత్రం తమిళం.
"చదువు మా" అంటాడు, సూదిలోకి దారం ఎక్కిస్తూ.
నేను చదువుతాను,
అతను చెవితో గళ్ళు నింపుతాడు.

"ఎటు తిరిగి పడుకున్నా అదే నిద్ర (3)."
"కునుకు."
పాదం కింద పెడలు ఆగనైనా లేదు.
"తిరగేసి తొడిగినా తేడా తెలియని బట్ట (3)."
ఈసారి కాస్త ఆగాడు.
"వలువ. మా అవ్వ అంటా ఉండేది.
అయితే మా, తిరగేసి తొడిగితే కుట్లు అగుపడతాయి.
కుట్టుపని తెలీదు నీకు."
తెలీదు. నా కుట్లన్నీ
పైకి కనబడాలనే వేస్తాను.

నిలువు ఏడు దగ్గర మిషను ఆగిపోయింది.
"కొమ్ము విరిగిన తలుపులోంచి జ్ఞాపకం (3)."
"తలుపుకి కొమ్మేంది? అదేమన్నా మేకనా?"
పగలబడి నవ్వాను.
నవ్వు సగంలో ఉండగానే సిగ్గేసింది.

కొలతలు గీసే సుద్దముక్క తీసుకుని
ఎవరిదో నీలం జాకెట్టు గుడ్డ మీద
పెద్దగా రాశాను: తలుపు.
"ఇదిగో ఈ వంపు. ఇది కొమ్ము.
ఈ తలుపుకి రెండున్నాయి. ముందుది విరిచెయ్."
బొటనవేలితో తుడిచాడు.
తలపు.
"ఇసుమంత చెరిపితేనా?"
ఇసుమంతే.

అప్పుడు మిషను సొరుగు మొత్తం ఊడదీసి
బొత్తాలు ఒళ్ళో కుమ్మరించుకుని
బోర్లించి నా ముందు పెట్టాడు.
అడుగున నల్లరంగుతో వాళ్ళ నాయన చేతిరాత.
దాని చుట్టూ కుంకుమ, నలభై ఏళ్ళ కుంకుమ,
పొరలు పొరలుగా.
"దేవుడి పేరని పెడతా ఉండాను.
ఇందులో కొమ్ము ఉండాదా, చెప్పొద్దు, నేనే చూస్తా."
వేలు నెమ్మదిగా పాకింది.
"ఇక్కడొకటి. ఇక్కడొకటి."
రెండూ సరే.
మిగతాది నేను చదివాను:
నూనె మరువకు.

ఎంతసేపు నవ్వాడో!
బొత్తాలు జారి గది నిండా దొర్లాయి,
ఇద్దరం మోకాళ్ళ మీద ఏరాం.
ఆ తరవాత డబ్బా తెచ్చి
మిషను చెవిలో మూడు చుక్కలు వేసి
వేలికంటిన నూనెతోనే
కుంకుమ కూడా పెట్టాడు.

రాత్రి కరెంటొచ్చింది.
నిలువు పంతొమ్మిది ఒక్కటే ఖాళీ.
"ఒంటి బట్టతో ఊరంతటికీ కుట్టేవాడు (4)."
ఇది మాత్రం పైకి చదివి వినిపించను.
సుద్దముక్క అతని దగ్గరే ఉంది.
గడువు పదో తేదీ.