ఆది జాకెట్టు

పురసవాక్కంలో మెట్ల కింద నా మిషను.
వానొస్తే గడపదాకా నీళ్ళు,
రాకపోతే చెమట.
ఆది జాకెట్టు తెమ్మంటాను అందరినీ.
తేకపోతేనే టేపు.

రాజ్యశ్రీ మొన్న తేలేదు.
"పాతది పనికిరాదక్కా, బాగా లావయ్యాను" అంది
నేల చూస్తూ.
టేపు వీపు చుట్టూ తిప్పానో లేదో
ఊపిరి బిగబట్టింది.
"వదులమ్మా, నేను కుట్టేది ఊపిరితో కలిపి."

నోటుబుక్కు తిరగేశాను.
పోయిన ఆడి మాసం కొలతే.
ముప్పై ఎనిమిది. చంక పదహారు.
నూలుపోగంత తేడా లేదు.

లైనింగు రంగు ఎంచుకుంటూ తనే చెప్పింది
ఇంకెవరి సంగతో చెప్తున్నట్టు:
ఆఫీసులో మధ్యాహ్నం భోజనానికి
నలుగురూ కలిసి లేచేవాళ్ళట.
ఓ సోమవారం ముగ్గురే లేచారట.
ఎవరూ ఏమీ అనలేదట.
అనలేదు కనకే
కారణం తనే వెతుక్కుంది,
బాత్రూం అద్దంలో,
మెడ దగ్గర, జబ్బల దగ్గర,
దొరికేదాకా.

చేతులు మోచేతి కిందికి పెట్టమంది.
మే నెలలో.

నాకు నవ్వు రాలేదు.
మా చీటీపాట ఆడవాళ్ళంతా మహాబలిపురం పోయినప్పుడు
ఫోటో నన్నే తియ్యమన్నారు.
"నువ్వైతే బాగా తీస్తావు మునెమ్మా."
బాగానే తీశాను.
పదకొండు మందీ పట్టారు.

ఆ రాత్రి షట్టరు దించి
నా నడుం నేనే కొలుచుకున్నాను
ఊపిరి బిగబట్టి.
టేపు మొదటి అంగుళం ఎప్పుడో అరిగిపోయింది,
ఒకటి మీద పట్టి, వచ్చిన దాంట్లో ఒకటి తీసెయ్యాలి.
ఏళ్ళ తరబడి ఊరందరికీ తీసేస్తున్నాను.
నాకు మర్చిపోయాను.
లేని అంగుళం కోసం
వారం రోజులు రాత్రిళ్ళు మజ్జిగ తాగి పడుకున్నాను.

ఇదంతా రాజ్యశ్రీకి చెప్పలేదు.
చేతులు అడిగినంత పొడుగే కుట్టాను,
ఒళ్ళు తనది.
పక్క కుట్టు లోపల మాత్రం
రెండంగుళాల గుడ్డ వదిలాను.
ఎవరికైనా వదుల్తాను,
రేపెప్పుడో విప్పుకోవడానికి.

కుట్టడం అయ్యాక ఎందుకో
నా జాకెట్లు తిరగేసి చూసుకున్నాను.
ఒక్కదాంట్లోనూ లేదు.
కుట్టు పక్కనే కత్తెర.

బుధవారం వస్తుంది.
బుక్కు తెరిచి రెండు తేదీలూ పక్కపక్కన చూపిస్తాను.
నమ్ముతుందో లేదో.
నేనైతే ఆ టేపు ఇంకా మార్చలేదు.