నాలుగో కోర్టు

ఆమె బిగువు నాకు తెలుసు.
ఇరవై మూడున్నర కిలోలు.
చెమ్మగా ఉన్న రోజు అరకిలో తక్కువ,
ఎడమచేతి వాళ్ళతో ఆట ఉంటే అరకిలో ఎక్కువ.
పదకొండేళ్ళు ఆమె రాకెట్లకు తీగలు బిగించాను
ఓలోమౌట్స్ ఎర్రమట్టి పక్కన ఈ గుడారంలోనే.
తెగిన తీగ చూసి చెప్పేవాణ్ణి
ఆ రోజు గెలిచిందో, కోపంతో కొట్టిందో.

ఈ మే నెలలో హెద్వికా
రాకెట్ లేకుండా వచ్చింది.
మెడలో తాడు, తాడుకి కార్డు,
కార్డు మీద టోర్నమెంట్ డైరెక్టర్.
ఫోటోలో, ఎవరో నవ్వమంటే నవ్విన నవ్వు.

"బోహుమీర్, రాకెట్‌కి ఇరవై కొరునాలు తగ్గించుకోవాలి."

నేను తల ఎత్తలేదు. క్లాంపు బిగిస్తూనే ఉన్నాను.
ఒకప్పుడు ఈ మనిషే నా జేబులో నోటు కుక్కి
"రేపు సెమీస్, చూసి బిగించు" అనేది.

"స్పాన్సర్ సగంలో చెయ్యిచ్చాడు" అంది.
"బీరు కంపెనీవాళ్ళు బీరే ఇచ్చారు."
ఇద్దరికీ నవ్వు రాలేదు.
పది తగ్గిస్తానన్నాను.
పదిహేను అని రాసుకుంది.

మా క్లబ్బులో నాలుగో కోర్టు రైలు కట్టని ఆనుకుని ఉంటుంది.
గూడ్సు బండి పోతున్నంతసేపూ
బంతి తగిలిన చప్పుడు వినబడదు.
చప్పుడు లేకుండా ఆడటమంటే
జలుబు చేసిన రోజు కూర రుచి చూడటమే.
పందొమ్మిదేళ్ళప్పుడు హెద్వికా అక్కడే ఓడి
ఆఫీసు బల్ల మీద రాకెట్ పిడితో ఒక్కటిచ్చింది.
"ఈ పట్టిక రాసేవాడు ఒక్కసారైనా ఆడాడా ఆ కోర్టులో?"
బల్లకి సొట్ట ఇంకా ఉంది.
కాఫీ కప్పు అక్కడ పెడితే ఒరుగుతుంది.

రాత్రి పదింటికి, బిగించిన రాకెట్లు ఇవ్వడానికి వెళితే
రేపటి పట్టిక ముందు కూర్చుని ఉంది.
ఒకటో కోర్టు టీవీ వాళ్ళది.
రెండోది బీరు కంపెనీ కోరింది.
మూడోదాని కోసం ఒక జార్జియా తండ్రి
అక్రోట్ల పొట్లం పెట్టి వెళ్ళాడు. పొట్లం విప్పలేదు.
ఎవరినో ఒకరిని నాలుగోదాంట్లో వెయ్యాలి.
అరచేతిలో పెన్ను తిప్పుతోంది
సర్వీసు కోసం వంగి నించున్నప్పుడు పిడి తిప్పినట్టు,
పావు చుట్టు ఇటు, పావు చుట్టు అటు.

ఫోన్ తీసి రైల్వే వాళ్ళకి చేసింది.
"రేపు గూడ్సు బళ్ళు ఎన్నింటికి?
లేదండీ, ఎక్కడానికి కాదు."

పొద్దున్నే జ్లాటా అనే పిల్ల అరుచుకుంటూ వచ్చింది,
క్వాలిఫయింగ్‌లో మూడు ఆటలు గెలిచి పైకొచ్చిన పిల్ల.
"నాకే ఎందుకు ఆ కోర్టు?"
నేనూ ఒకప్పుడు, అని హెద్వికా మొదలుపెడుతుందనుకున్నాను.
మొదలుపెట్టలేదు.
చిన్న కాగితం చేతికిచ్చింది:
పది పన్నెండు. పది నలభై ఏడు. పదకొండున్నర.
"బండి వచ్చే ముందు తువ్వాలు అందుకో. అంపైర్‌తో చెప్పాను.
అవతలి అమ్మాయికీ ఇదే కాగితం ఇచ్చాను."

ఆ పదకొండున్నర బండి ముప్పావుగంట ఆలస్యం.
సరిగ్గా సెట్ పాయింట్ మీద వచ్చింది.
జ్లాటా ఓడిపోయింది.

సాయంత్రం లెక్క చూడటానికి వచ్చింది డైరెక్టర్.
నలభై ఒక్క రాకెట్లు. రెండుసార్లు ఎంచింది.
వెళ్ళబోతూ ఆగి,
"ఆ పిల్లది ఎంత బిగువు?"
"ఇరవై ఆరు."
"ఎక్కువ. మోచెయ్యి పోతుంది. చెప్పనా?"
"అది నీ పని కాదు కదా ఇప్పుడు" అన్నాను.
పదిహేను కొరునాల కడుపుమంట
ఇంకా ఆరలేదు నాకు.

గుడారం మీద మొదటి చినుకులు.
నాలుగో కోర్టు దగ్గర ముగ్గురు కుర్రాళ్ళు
టార్పాలిన్ లాగుతున్నారు, నాలుగో మూల
గాలికి లేచి కొట్టుకుంటోంది.
కార్డుని వీపు మీదికి తిప్పుకుని
ఆమె పరిగెత్తింది,
బేస్‌లైన్ తొక్కకుండా, చుట్టూ తిరిగి.