నీటి గీత పైన

గోడ మీద ఆ గీత ఇంకా ఉంది.
మూడుసార్లు సున్నం కొట్టించినా
వానలు పడగానే పైకి తేలుతుంది
టీ మరకలాగా.
నా భుజానికి జానెడు పైన.
రెండు వేల తొమ్మిదిలో ఆ రాత్రి
హంద్రీ, తుంగభద్ర
కలుసుకునే చోటు మార్చుకుని
మా స్టూడియోలో కలుసుకున్నాయి.

పద్దెనిమిదేళ్ల నెగటివ్‌లు.
ముఖాలు ముఖాలకు అంటుకుపోయి
పెళ్లికూతురెవరో, పాస్‌పోర్టు సైజు తాత ఎవరో
గోరుతో గీరినా విడిరాలేదు.
"మా నాయన ఫోటో నీ తాన ఉంటాదని వచ్చినా అన్నా..."
లేదని చెప్పడం
నేను నేర్చుకున్న రెండో పని.

ఇన్నేళ్లకు ఈ బీరువా కాని బీరువా.
పది అంగుళాల వెడల్పు, ఎనిమిది అరలు,
అర ఒక్కోటి ఇంచీ ముప్పావు.
దాన్ని 'యూ' అంటారని చెబితే
వెల్డింగ్ అద్దం నుదుటి మీదికి తోసి
హుసేనప్ప నవ్వాడు.
"యూ అంటే నువ్వు గదన్నా!
అయితే ఎనిమిది నువ్వులు. బెల్లం తెచ్చుకో, ఉండలు చేద్దాం."
కూలర్ స్టాండ్లకు మిగిలిన యాంగిల్ ముక్కలతో
మధ్యాహ్నానికల్లా ఎనిమిది నువ్వులూ అతికించాడు.

అసలు తగువు ఆ తర్వాత.
పైన పెడితే మే నెల చంపుతుంది,
కింద పెడితే అక్టోబరు.
వేడి ఎక్కుతుంది, నీళ్లూ ఎక్కుతాయి.
కర్నూల్లో ఒక పెట్టె బతకడానికి
ఆ రెంటి నడుమ ఎన్ని అంగుళాలు?
రేకుల కింద థర్మామీటరు కట్టి
మూడు మధ్యాహ్నాలు స్టూలెక్కి చూశాను.
అటక దగ్గర నలభై ఆరు.
గీతకు మూరెడు పైన నలభై ఒకటి.
"మనుషులకెవురన్నా ఇంత కొలిచి ఇల్లు కట్టినారా?"
అని నాగవేణి స్టూలు పట్టుకునే అడిగింది.
ఆ మూర దగ్గరే బోల్టులు దించాను.

బరువు కింద ఉండాలని యూపీఎస్ అడుగున,
దాని పైన చిన్న కంప్యూటరు, రెండు డిస్కులు
(ఒకటి రాసింది రెండోది కాపీ కొడుతుంది,
పరీక్ష హాల్లో తోడుదొంగల్లా),
ఆపైన స్విచ్చి.
ఇంటరు తప్పిన ఖాసింవలి కొడుకు
తీగల కొసలు ఒలిచి ఎక్కం చదివాడు:
తెల్లనారింజ, నారింజ, తెల్లపచ్చ, నీలం,
తెల్లనీలం, పచ్చ, తెల్లగోధుమ, గోధుమ.
ఒక్కటి తారుమారైతే దీపం వెలగదు.
పన్నెండు తీగలు, ఒక్క తప్పు లేదు.
వీడికి కెమిస్ట్రీ ఎట్లా పోయిందో మరి.

పెట్టె తయారు. లోపల ఏం పెట్టాలి?

లేదని నేను తిప్పి పంపిన ఇళ్లకే
ఇప్పుడు స్కానరు సంచిలో వేసుకుని పోతున్నాను.
నెగటివ్‌లు నావి మునిగాయి గానీ
ప్రింట్లు వాళ్ల గోడల మీద, ట్రంకు పెట్టెల్లో,
ఎత్తు వీధుల్లో ఉన్న బంధువుల ఇళ్లల్లో.
ఒకప్పుడు నేను అమ్మినవే
ఒక్క పూట అప్పు అడుగుతున్నాను.
గనిగల్లీలో ఒకామె టీ ఇచ్చి
అద్దం పగలకుండా ఫ్రేము తనే విప్పింది.

మూడో కాపీ డోన్‌లో,
మా బామ్మర్ది ఇంట్లో ఫ్రిజ్ మీద.
తాగే నీళ్లకు బిందెలు వరస పెట్టే ఊరు,
ఫోటోలకు మంచిది.

రాత్రి కరెంటు పోతే
యూపీఎస్ కీచుమంటుంది, పక్కింటి కుక్క జవాబిస్తుంది.
చీకట్లో దీపాలు పచ్చగా కొట్టుకుంటాయి,
ఎవరో రెప్పలార్పుతున్నట్టు కాదు,
దీపాలు దీపాల్లాగే.
కింద గోడ తడుముతాను. పొడిగానే ఉంది.

ఏడో నువ్వు ఇంకా ఖాళీ.
దుమ్ము పోతుంది, రేకు మూత కొడతానని
హుసేనప్ప రెండుసార్లు వచ్చాడు.
ఉండనీలే అన్నాను.
కూలి తీసుకోలేదు వాడు.
వాళ్ల నాయన ముఖం
ఇంకా ఏ ఇంట్లోనూ దొరకలేదు.