బెజ్జం

సావా నది మంచు ఇంకా కిటికీ వదల్లేదు.
మిలుటిన్ ముసలాయన కాఫీ డబ్బా నా బల్ల మీద బోర్లించాడు.
మొక్కజొన్న చేలో నాగటికి తగిలినవట, నలభై ఒకటి,
చిలుము పట్టి, నామరూపాలు లేకుండా.
"ఎంత చేస్తాయి?"
ముందు అందరూ అడిగేది అదే.
ఎవరివి అని అడగడానికి
నాకు జీతమిస్తారు.

మిత్రోవిత్సా మ్యూజియంలో వెనక గది నాది.
వంగే మెడ ఉన్న దీపం, చిన్న తక్కెడ, వెదురు పుల్ల.
పని నేర్పింది వుకొసావ,
సిగరెట్ ఆర్పకుండా, ఏ ఒక్క కాసునీ పొగడకుండా:
"ముఖం చూడకు పిల్లా, ఏలినవాళ్ల ముఖాలన్నీ ఒక్కటే,
ముక్కు, మెడ, బలుపు.
తల మీద ఏముందో చూడు.
కిరణాలా? ముత్యాల పట్టీనా?
ఆకుల దండైతే తొందరపడకు,
దాన్ని పెట్టుకోనివాడు లేడు.
దీపం బల్లకేసి వంచు. వెలుగు పక్క నుంచి రావాలి.
పొద్దు వాలేటప్పుడు దుక్కిలో చాళ్లు తేలతాయే,
అట్లా లేస్తాయి అక్షరాలు."

లేచాయి. మూడు రోజుల్లో నలభైకి పేర్లు దొరికాయి.
నలభై ఒకటోదానికి బెజ్జముంది.

బొరుసు ముందు తేలింది.
గుర్రం మీంచి పడిపోతున్న మనిషి,
వాణ్ణి ఈటెతో పొడుస్తున్న సైనికుడు,
చుట్టూ సగం అరిగిన మాట:
మంచి రోజులు మళ్లీ వచ్చాయట.
పడుతున్నవాణ్ణి ఎవరూ అడిగినట్టు లేదు.

గీత కింద టంకసాల గుర్తు.
ఐ, ఆర్, ఎమ్. ముందుండాల్సిన ఎస్ అరిగిపోయింది.
సిర్మియుమ్.
అంటే ఈ ఊరే.
నేను రోజూ రొట్టె కొనే వీధి కిందే ఎక్కడో
దాని కొలిమి.
పదహారు వందల డెబ్బై ఏళ్లు తిరిగి తిరిగి
నాలుగు కిలోమీటర్లు నడిచింది.
ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

బొమ్మ వైపు తిప్పాను.
కాన్‌స్టాంటి... ఆ పైన నున్నటి రాగి.
ఆ పేరు ఇద్దరిది. పెదనాన్న, చిన్నాన్న బిడ్డలు.
పట్టీ ఉన్న తల చక్రవర్తి.
బోడి తల అతని కింద యువరాజు,
కొన్నాళ్లకి ఆ తలని తీయించింది ఆ చక్రవర్తే.
ఇంత తేలిక లెక్క,
తల చూస్తే చాలు.

సరిగ్గా తల మీదే బెజ్జం.

మిలుటిన్‌కి కబురు పంపాను.
"ఇది చేలోది కాదు. బెజ్జం లోపల చిలుము లేదు."
చెవులు ఎర్రబడ్డాయి. డబ్బాలో పొరపాటున పడిందన్నాడు.
వాళ్ల ముత్తాత మేకు పెట్టి కొట్టాడట,
ఎర్ర దారం ఎక్కించి మెళ్లో కట్టేవారట
పళ్లొచ్చే పిల్లలకి.
"నేనూ కొరికాను," అన్నాడు,
పళ్లు లేని నోటితో.

లెన్సు పెట్టి వెతికాను. పళ్ల గుర్తులు లేవు.
కంచు పసిపళ్లకి లొంగదు.
అయినా అంచు ఒకచోట
మరీ నున్నగా ఉంది.

రిజిస్టర్‌లో రాశాను:
కంచు. పదిహేడు మిల్లీమీటర్లు. రెండు గ్రాముల చిల్లర.
టంకసాల, సిర్మియుమ్.
పాలకుడు అన్న గడి దగ్గర కలం ఆగింది.
తెలీదని రాయడానికీ చదువు కావాలనేది వుకొసావ.
"ఇద్దరిలో ఒకడు" అని రాశాను.
కొరికినవాళ్లకి పట్టికలో గడి లేదు.
మార్జిన్‌లో పెన్సిల్‌తో, ఆయన చెబుతుంటే, అడ్డదిడ్డంగా:
స్తాన, ర్యిస్తో, మిలుటిన్, యెల్కా,
ఇంకొకడు, పేరు పెట్టకముందే పోయాడు.

నలభై మాకిచ్చి
ఆ ఒక్కటి చొక్కా జేబులో వేసుకున్నాడు.
"ఎంత చేస్తుందో చెప్పమంటారా?" అన్నాను.
వినిపించుకోలేదు.
మనవరాలి కూతురు రాత్రంతా నిద్రపోలేదట,
కింది చిగురు వాచిందట,
ఎర్ర దారం ఏ కొట్లో దొరుకుతుందని
నన్నే అడిగాడు.